డిస్కో దరువులో పది రాగాలు: చరణ్‌జీత్ సింగ్ ఆల్బమ్‌ను పొరపొరగా వినే పద్ధతి

తిరుపతిలో పెరిగినవాళ్లకు రాగాల పేర్లు తెలియకపోవచ్చు గానీ రాగాలు తెలుసు. తెల్లారుజామున సుప్రభాతం, మైకుల్లో అన్నమయ్య కీర్తనలు, మహతి ఆడిటోరియంలో కచేరీలు, పెళ్లిళ్లలో నాదస్వరం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే మోహన, హిందోళం, రేవతి మన చెవుల్లో చేరిపోయి ఉంటాయి. అలాంటి చెవులున్నవాళ్లు తప్పక వినాల్సిన ఎలక్ట్రానిక్ ఆల్బమ్ ఒకటుంది. 1982లో బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ చేసిన ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆల్బమ్ ఇది. దీన్ని పెట్టి, రెండు నిమిషాలు విని, పాత వీడియో గేము మోతలా ఉందని పక్కన పడేసినవాళ్లను చాలామందిని చూశాను. ఎలా వినాలో తెలిస్తే వాళ్లలో సగం మందైనా ఆగేవాళ్లు. అందుకే ఆ పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ముందు నేపథ్యం కొంచెం. చరణ్‌జీత్ సింగ్ హిందీ సినిమా పాటల రికార్డింగుల్లో గిటారు, బేస్, కీబోర్డు వాయించిన స్టూడియో వాద్యకారుడు. అప్పట్లో హిందీ సినిమాను డిస్కో ఊపేస్తోంది. ఆయన ఆ లయను తీసుకుని, పాడేవాళ్లు లేకుండా, తబలా లేకుండా, పది హిందుస్తానీ రాగాలను మూడు జపాన్ యంత్రాల మీద పలికించారు. మూడూ రోలాండ్ కంపెనీవే. దరువుకు టీఆర్-808, అడుగు స్వరాలకు టీబీ-303, పైన రాగం పలికించడానికి జూపిటర్-8 కీబోర్డు. హెచ్‌ఎంవీ ముద్రతో ఎల్‌పీ వచ్చింది, పెద్దగా అమ్ముడుపోలేదు, జనం మరిచిపోయారు. సుమారు ఇరవై ఏళ్ల తర్వాత ఒక డచ్చి రికార్డుల సేకర్తకు ఢిల్లీలో ఒక ప్రతి దొరికింది. 2010లో మళ్లీ విడుదలైంది. అప్పుడు విన్నవాళ్లలో కొందరు 1982లో ఇలాంటిది ఎలా సాధ్యమని, ఇది ఎవరో కొత్తగా చేసిన నకిలీ అయ్యుంటుందని కూడా అనుమానపడ్డారు. సింగ్ 2015లో కన్నుమూశారు.

1. వినడానికి కావాల్సినవి

ఆల్బమ్‌లో పది ట్రాకులు, ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాలు. ట్రాకు పేరే రాగం పేరు: భైరవ్, లలిత్, భూపాలీ, తోడీ, మధువంతి, మేఘ్ మల్హార్, యమన్, కళావతి, మాల్కౌంస్, బైరాగి. రీమిక్సులు కాకుండా అసలు రికార్డింగునే ఎంచుకోండి. యాప్‌లో షఫుల్ ఆపేయండి, ఈక్వలైజరు, బేస్ బూస్ట్ లాంటివన్నీ తీసేయండి.

ఫోను స్పీకరు మీద మాత్రం ఈ ఆల్బమ్ వినొద్దు. ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. 808లో పెద్ద డ్రమ్ము దెబ్బ సుమారు 50 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోను స్పీకరులో అంత లోతైన ధ్వని దాదాపు రాదు. అంటే ఆల్బమ్ పునాది మొత్తం మాయమై, పైనున్న కీబోర్డు ఒక్కటే కీచుమంటూ వినిపిస్తుంది. వీడియో గేము పోలిక చాలావరకు ఇక్కడే పుడుతుంది. వైరు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఇంట్లో హోమ్ థియేటర్ ఉంటే ఇంకా మంచిదే గానీ, సబ్‌వూఫరు సగానికి తగ్గించండి. లేకపోతే 808 గది అద్దాలను అదరగొడుతుంది, 303 దాని కింద నలిగిపోతుంది.

ఇయర్‌ఫోన్లలో శబ్దం మితిమీరనివ్వకండి. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. బయటి రొద ఎక్కువైతే మనం తెలియకుండానే శబ్దం పెంచుతాం. కాబట్టి లీలామహల్ సెంటర్ చుట్టుపక్కలో, తిలక్ రోడ్డు పక్కనో ఇల్లున్నవాళ్లు రాత్రి పది దాటాక వినడం మేలు. అలిపిరి మెట్లెక్కుతూ వింటే బాగుంటుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ దారిలో చెవులు మూసుకోవడం మంచిది కాదు, పైగా మన అడుగు వేగం వేరు, ఈ దరువు వేగం వేరు.

2. మొదటిసారి: ఆపకుండా, అర్థం చేసుకోకుండా

మొదటిసారి విన్నప్పుడు ఏదీ గుర్తుపట్టే పని పెట్టుకోకండి. యాభై నిమిషాలు ఫోను బోర్లా పెట్టి కూర్చోండి. ఒక్క సంగతి గమనిస్తే చాలు: ట్రాకు మొదట్లో దరువు లేకుండా స్వరాలు విడివిడిగా తేలుతూ వచ్చే చోటు, ఆ తర్వాత దరువు అందుకునే చోటు. మన కచేరీలో ఆలాపన ముగిసి మృదంగం అందుకునేటప్పుడు మనం కొంచెం సర్దుకుని కూర్చుంటాం కదా, ఇక్కడా ఆ కదలిక ఒంట్లో వస్తుందో లేదో చూసుకోండి. వచ్చిందంటే ఆల్బమ్ మీతో మాట్లాడటం మొదలుపెట్టినట్టే.

పది ట్రాకులూ ఒకేలా ఉన్నాయనిపిస్తే కంగారు పడొద్దు. మొదటిసారి దాదాపు అందరికీ అలాగే ఉంటుంది. అవే మూడు యంత్రాలు, అదే దరువు జాతి. తేడా అంతా స్వరాల్లో ఉంది, దానికింకా సమయం ఉంది.

3. రెండోసారి: చేత్తో తాళం

ఇప్పుడు భైరవ్ ఒక్కటే పెట్టండి. కీబోర్డును పట్టించుకోకుండా అడుగున పడే దెబ్బను పట్టుకోండి. డిస్కో లయ స్వభావం ఏమిటంటే పెద్ద డ్రమ్ము ప్రతి లెక్కకూ సమంగా పడుతుంది. దాని మీద ఆది తాళం వేయండి: ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ విసురు, దెబ్బ విసురు. ఎనిమిది అక్షరాలు హాయిగా కూర్చుంటాయి. ఆ ఎనిమిది అక్షరాల చుట్టు (ఆవర్తనం) రెండుసార్లు అయ్యాక డ్రమ్ము దెబ్బల మధ్య ఖాళీల్లో పడే సన్నని చప్పుళ్ల వైపు వెళ్లండి. డిస్కోలో ఊపు పుట్టేది అక్కడే. పెద్ద దెబ్బ మనల్ని నేల మీద నిలబెడితే, మధ్యలో పడే ఆ చిన్న చప్పుడు ముందుకు తోస్తుంది.

808లో రికార్డు చేసిన డోలు శబ్దం ఏదీ లేదు. లోపలి సర్క్యూట్లే ఆ శబ్దాలను పుట్టిస్తాయి. ముందు భాగాన పదహారు బటన్లు వరుసగా ఉంటాయి. ఏ మెట్టులో ఏ చప్పుడు పడాలో వాటితో నిర్ణయిస్తే యంత్రం అదే వరుసను అలసట లేకుండా తిప్పుతుంది. మృదంగం వాయించేవాళ్లు పాటగాడి ముఖం చూసి వాయిస్తారు. 808 ఎవరి ముఖమూ చూడదు. ఆ పట్టించుకోనితనమే ఈ ఆల్బమ్‌లో రాగానికి ఒక సవాలు. ఎంత స్వేచ్ఛగా తిరిగినా సరిగ్గా ఆ గీతల మధ్యకే తిరిగి రావాలి.

4. మూడోసారి: 303 వెంట నడవడం

ఈ ఆల్బమ్‌ను ప్రేమించేవాళ్లలో ఎక్కువమంది ప్రేమించేది ఈ పొరనే. టీబీ-303 వెండి రంగులో ఉండే చిన్న పెట్టె. ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకారులకు బేస్ వాయించేవాడు లేని లోటు తీర్చాలని 1981లో రోలాండ్ దీన్ని అమ్మకానికి పెట్టింది. ఆ పనికి ఎవరికీ నచ్చలేదు. దాని శబ్దం బేస్ గిటారులా ఉండదు మరి. 1984కల్లా తయారీ ఆపేశారు.

అది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పదహారు మెట్ల వరుసలో స్వరాలు నింపి తిప్పుతారు. ఒక్కో మెట్టుకూ రెండు ప్రత్యేక సదుపాయాలున్నాయి. ఒకటి, స్వరాన్ని గట్టిగా నొక్కి పలకడం. రెండోది, ఒక స్వరం నుంచి పక్క స్వరానికి తెగకుండా జారడం. ఈ రెండోదాన్ని కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు వెంటనే పోల్చుకుంటారు, అది జారు గమకమే. వీణ మీద వేలు తంత్రి వెంట జరిగినట్టు ఇక్కడ విద్యుత్తు జరుగుతుంది. వీటికి తోడు ఫిల్టరు గుబ్బలు ఉంటాయి. వాటిని తిప్పితే అవే స్వరాలు ఒకసారి మూసుకున్న గొంతుతో, ఒకసారి నోరు తెరిచినట్టు పలుకుతాయి.

ఎలా వినాలంటే: ఏదైనా ట్రాకులో దరువు అందుకున్న చోట మొదలుపెట్టి, కింది గొంతుతో 303 వరుసను మీరూ కూనిరాగం తీయండి. కాసేపటికి అది చుట్టు తిరిగి మళ్లీ మొదటికి వచ్చే చోటు తెలుస్తుంది. ఆ వరుస గుర్తున్నాక, జారే చోట్లు ఎక్కడో గుర్తుపట్టండి. ఆ తర్వాత కీబోర్డు మీదికి చెవి మళ్లిస్తే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. కింద 303 పదేపదే అదే మాట అంటూ ఉంటే, పైన జూపిటర్-8 ఆ మాటకు ప్రతిసారీ కొత్త అర్థం చెబుతూ ఉంటుంది. తంబురా చేసే పనిలో కొంత, మృదంగం చేసే పనిలో కొంత ఈ చిన్న పెట్టె నెత్తిన వేసుకుంది.

5. నాలుగోసారి: రాగాలు

ఇక్కడే మన తిరుపతి చెవులు పనికొస్తాయి. విదేశాల్లో ఈ ఆల్బమ్ గురించి రాసినవాళ్లు ఎక్కువగా యంత్రాల దగ్గరే ఆగిపోతారు. మనం ఆగక్కర్లేదు.

ముందుగా షడ్జమం, అంటే ఆధార స్వరమైన ‘స’, పట్టుకోవాలి. ఫోనులో శ్రుతిపెట్టె యాప్ వేసుకుని, ట్రాకు నడుస్తుండగా శ్రుతి మార్చుకుంటూ కలిసిన చోట ఆపండి. ఒక జాగ్రత్త: మాల్కౌంస్‌కూ లలిత్‌కూ పంచమం (ప) లేదు. వాటికి శ్రుతిపెట్టెలో స-ప బదులు స-మ పెట్టుకోవాలి. లేకపోతే ట్రాకే అపశ్రుతిలో ఉందనిపిస్తుంది.

సులువైనవాటితో మొదలుపెడదాం. భూపాలీ మన మోహన: స రి గ ప ద, అయిదే స్వరాలు. మాల్కౌంస్ మన హిందోళం. ‘కొండలలో నెలకొన్న’ వినని తిరుపతి మనిషి ఉండడు కాబట్టి ఆ స్వరాలు ఇప్పటికే మీ నోట ఉన్నాయి. కళావతి మన వలజికి సరిపోతుంది. యమన్ కల్యాణికి దగ్గర బంధువు. భైరవ్ స్వరాలు మాయామాళవగౌళవి, అంటే సంగీతం నేర్చుకోవడానికి వెళ్లిన ప్రతి పిల్లా సరళీ వరుసలు పాడే రాగం. చిన్నప్పుడు కొద్దిరోజులే వెళ్లి మానేసినవాళ్లకు కూడా ఆ మెట్లు గుర్తుంటాయి. వాటితో భైరవ్ ట్రాకు వెంట ‘సరిగమపదనిస’ పాడి చూడండి.

బైరాగి మన రేవతి. ఈ ట్రాకును బైరాగిపట్టెడలో ఉండే మా పిన్నికి వినిపించాను. ఆమె చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, ఎలక్ట్రానిక్ సంగీతం అంటే ఏమిటో తెలీదు. ఇయర్‌ఫోను ఒకటి చెవిలో పెట్టుకుని పప్పు ఏరుతూ వింది. దరువు రాకముందే, “ఇది రేవతి గదరా నాయనా. ‘నానాటి బతుకు’ రాగం” అంది. మిషను వాయిస్తోంది పిన్నీ అంటే, “ఎవురు వాయిస్తే ఏమి, రిషభం ఆడే ఉండాది గదా” అంది. ఈ ఆల్బమ్ మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ అంత సూటి మాట లేదు. మీ ఇంట్లోనూ సంగీతం తెలిసిన అమ్మో, అత్తో, మామయ్యో ఉంటే ముందు పేరు చెప్పకుండా వినిపించండి. వాళ్లు ఎక్కడ తలూపుతారో, ఎక్కడ మొహం చిట్లిస్తారో గమనించండి.

ఇక జాగ్రత్తగా వినాల్సినవి. తోడీ అన్న పేరు చూసి మన తోడిని వెతక్కండి. హిందుస్తానీ తోడీ స్వరాలు మన శుభపంతువరాళివి. మన తోడి స్వరాలేమో అక్కడ భైరవి అవుతాయి. మధువంతి ధర్మవతికి దగ్గర, ఆరోహణలో (స్వరాలు పైకి ఎక్కేటప్పుడు) మాత్రం రిషభ దైవతాలను (రి, ద) వదిలేస్తుంది. మేఘ్ మల్హార్ వింటుంటే మధ్యమావతి నీడ కనిపిస్తుంది.

లలిత్ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోండి. దీనికి కర్ణాటకంలో సరిగ్గా సరిపోయే జోడీ లేదు. మన లలితలోనూ పంచమం ఉండదు గానీ మధ్యమం ఒక్కటే. హిందుస్తానీ లలిత్‌లో ‘మ’ స్వరపు రెండు రూపాలు, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పక్కపక్కనే పలుకుతాయి. ఆ రెండు మధ్యమాల మధ్య స్వరం ఒరుసుకుంటూ కదిలినప్పుడు మొదట ఏదో తప్పు మీట నొక్కినట్టు తోస్తుంది. నాలుగైదుసార్లు విన్నాక, ఆ ఒరిపిడి లేకపోతే రాగమే లేదని తెలుస్తుంది. ఆల్బమ్ మొత్తంలో యంత్రానికీ రాగానికీ పొత్తు బాగా కుదిరిన చోట్లలో ఇదొకటని నా అభిప్రాయం.

6. గడియారం ప్రకారం వినడం

హిందుస్తానీ పద్ధతిలో రాగాలకు వేళలున్నాయి. ఆల్బమ్‌లో వరుస మాత్రం ఆ వేళలను పాటించదు. భైరవ్ తర్వాత లలిత్, వెంటనే రాత్రి పాడే భూపాలీ, మళ్లీ పొద్దుటి తోడీ వస్తాయి. ఆదివారం ఒకటి ఖాళీ చేసుకుని వేళల ప్రకారం వినండి. తెల్లవారకముందు లలిత్, తెల్లవారుతుండగా భైరవ్, ఆ వెంటనే బైరాగి. పొద్దెక్కాక తోడీ. మధ్యాహ్నం తిరిగాక మధువంతి. దీపాలు పెట్టే వేళ దాటాక యమన్, భూపాలీ. భోజనాలయ్యాక కళావతి, అర్ధరాత్రి మాల్కౌంస్.

మిగిలింది మేఘ్ మల్హార్. అది వానాకాలపు రాగం. ఉత్తరాదిన ఆషాఢ శ్రావణాల మబ్బుకు పాడతారు. చిత్తూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం కాబట్టి నేను దీన్ని కార్తీకంలో వింటాను, కపిలతీర్థం జలపాతం నిండుగా దూకే రోజుల్లో. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గానీ మబ్బు మబ్బే.

ఇలా రోజంతా పరిచి విన్నాక, పది ట్రాకులూ ఒకేలా ఉన్నాయన్న మాట మీ నోట మళ్లీ రాదు.

7. ఎక్కడ తగ్గిందో కూడా వినాలి

ఇష్టమైన ఆల్బమ్‌ను మెచ్చుకోవడంలో దాని హద్దులు తెలుసుకోవడం కూడా భాగమే. కీబోర్డు మీద స్వరస్థానాలు బిగించి ఉంటాయి. హార్మోనియం మీద శతాబ్దంగా ఉన్న ఫిర్యాదే ఇక్కడా ఉంది. తోడీలో గాంధారం (గ) మామూలు కోమలం (తగ్గించిన స్థానం) కంటే ఇంకా దిగువన నిలవాలి. మీట నొక్కితే ఆ జాగా దొరకదు. జూపిటర్-8కు స్వరాన్ని జార్చే సదుపాయం, వంచే మీట రెండూ ఉన్నాయి కాబట్టి కొంత సర్దుకోవచ్చు. భైరవ్‌లో రిషభ దైవతాల మీద రావాల్సిన నిదానమైన ఊగులాట ఎంతవరకు వచ్చిందో మీరే విని తేల్చుకోండి. ఒక మంచి గాత్ర భైరవ్ పక్కన పెట్టుకుని వింటే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రెండో కొరత, విస్తారం. గంటసేపు విప్పాల్సిన రాగాన్ని అయిదు నిమిషాల్లో, ఒకే వేగంలో చెప్పాలి. విలంబితం (నెమ్మది నడక) నుంచి ద్రుతానికి (వేగానికి) ఎక్కే సుఖం ఇందులో దొరకదు. ఆ నష్టం నిజమైనదే. దానికి బదులుగా దొరికేది వేరు: కదలని దరువు మీద రాగపు ముఖ్యమైన పలుకులు మాత్రమే, చెక్కినట్టు, ఒకదాని వెంట ఒకటి.

8. చికాగో ప్రస్తావన

ఈ ఆల్బమ్ గురించి వెతికితే ‘యాసిడ్ హౌస్ ముంబైలో పుట్టింది’ అన్న మాట తగులుతుంది. దాన్ని సరైన కొలతలో తీసుకోవాలి. యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీతం చికాగోలో పుట్టింది. 1987లో ఫ్యూచర్ అనే బృందం తెచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’ దానికి మొదటి గుర్తు. వాళ్లు తక్కువ ధరకు దొరికిన పాత 303 గుబ్బలను పిచ్చిగా తిప్పుతూ ఆ శబ్దాన్ని కనిపెట్టారు. అప్పటికి అందరూ మరిచిపోయిన బొంబాయి ఎల్‌పీ వాళ్లకు దారి చూపిందనడానికి ఆధారం లేదు. ఒకే యంత్రం రెండు ఊళ్లలో ఇద్దరి చేతుల్లో పడింది, అంతే. ఎవరు ముందన్న పందెం పెట్టుకుంటే రెండింటినీ సరిగా వినం. సింగ్ 303ను రాగానికి తోడుగా నిలబెట్టారు. చికాగోవాళ్లు దాన్నే కథానాయకుణ్ని చేశారు. ‘యాసిడ్ ట్రాక్స్’ ఒకసారి విని, వెంటనే కళావతి పెట్టండి. ఆ తేడా తెలుస్తుంది.

808 కోసం అయితే ఇంకో పోలిక ఉంది. అదే 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’ వచ్చింది, దాని దరువూ 808దే. ఒకే ఏడాది, ఒకే డ్రమ్ము యంత్రం, రెండు నగరాలు. పక్కపక్కన పెట్టి వినండి.

9. రాసుకోవడం, తర్వాత వినాల్సినవి

చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ట్రాకు పేరు, నిమిషం, విన్న సంగతి, ఇంతే. ‘లలిత్, రెండో నిమిషం, రెండు మధ్యమాలు’ అన్నంత పొట్టిగా ఉంటే చాలు. ‘అద్భుతం’, ‘అమోఘం’ లాంటి మాటలు రాయొద్దు, తర్వాత చదివితే ఏమీ గుర్తురాదు. కొన్ని నెలల తర్వాత అవే చోట్లకు వెళ్లి వింటే మీ వినికిడి ఎంత పదునెక్కిందో ఆ పుటలే చెబుతాయి.

దీని తర్వాత ఏమిటంటే, 1976 నాటి జాన్ మిషెల్ జార్ ‘ఆక్సిజెన్’ మంచి మెట్టు. అందులోనూ మాటలు లేవు, స్వరాలు తేలుతూ సాగుతాయి, దరువు మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత 1977లో జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ చేసిన ‘ట్రాన్స్-యూరోప్ ఎక్స్‌ప్రెస్’. అందులో రైలు చక్రాల లయ వెంట ఆది తాళం వేసుకోవచ్చు. వాటికీ ఇదే పద్ధతి పనిచేస్తుంది: మొదట మొత్తంగా, తర్వాత దరువు, తర్వాత అడుగు స్వరం, చివర పై వరుస. రాగం బదులు అక్కడ శబ్దపు రంగు ఎలా మారుతోందో వినాలి.